పాత పడవ – కొత్త తెరచాప

పాఠ్యభాగ పరిచయం

వాడిన వస్తువును కొని, బాగుచేసి, మళ్లీ వినియోగంలోకి తెచ్చుకోవడం అన్ని దేశాలలోనూ ఉన్న అలవాటే. సైకిలు మొదలుకొని ఇంటి వరకు ఇందుకు ఎన్నో ఉదాహరణలు చూపవచ్చు. ఆ వస్తువు సముద్రం మీద నడిచే తెరచాప పడవ అయినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. అక్కడ పొరపాటుకు సొమ్ముతోపాటు ప్రాణం కూడా మూల్యంగా చెల్లించవలసి రావచ్చు. ఇంగ్లండు, అమెరికా మొదలైన దేశాలలో పాత తెరచాప పడవల క్రయవిక్రయాలు ఎట్లా సాగుతాయో, వాటి ధరలు ఎందుకు నిలకడగా ఉండవో, కొనే ముందు ఏయే భాగాలను పరీక్షించాలో ఈ పాఠం వివరిస్తుంది. ధర వేరు, విలువ వేరు అనే వివేకాన్ని విద్యార్థులలో కలిగించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

2004లో ఇంగ్లండులో ఒక పడవ అమ్ముడుపోయింది. దాని ధర ఒక పౌండు, దానితోపాటు ఒక గ్లాసు జిన్ను! ఆ పడవ అనామకమైనది కాదు. దాని పేరు జిప్సీ మాత్ ఫోర్. 1966 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే నావికుడు ఆ పడవలో ప్లిమత్ రేవు నుండి ఒంటరిగా బయలుదేరాడు. దారిలో సిడ్నీ నగరంలో ఒక్కచోట మాత్రమే ఆగి, ప్రపంచాన్ని చుట్టి, 1967 మే 28న తిరిగి అదే రేవుకు చేరుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 65 సంవత్సరాలు. ఎలిజబెత్ రాణి ఆయనను గ్రీనిచ్‌లో నైట్ బిరుదుతో సత్కరించింది. అంతటి కీర్తి పొందిన పడవను అదే గ్రీనిచ్‌లో నేల మీద నిలిపి ప్రజల దర్శనార్థం ఉంచారు. దశాబ్దాలు గడిచాయి. ఎండకు, వానకు కొయ్య చెడి పడవ జీర్ణావస్థకు చేరింది. చివరకు యువతకు నావికవిద్య నేర్పే ఒక సంస్థ దానిని ఆ నామమాత్రపు ధరకు తీసుకొన్నది.

ఒక పౌండుకు పడవ దొరకడం అదృష్టమని పైకి అనిపిస్తుంది. కాని దానిని మళ్లీ సముద్రయానానికి తగినట్లు చేయడానికి లక్షల పౌండ్లు ఖర్చు అయ్యాయి. పాత పడవల వ్యాపారంలోని మొదటి సత్యం ఇక్కడే కనిపిస్తుంది. అమ్మేవాడు చెప్పే వెల ఆ పడవకు పెట్టవలసిన ఖర్చులో ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగం పడవ లోపల, కంటికి కనిపించని చోట్ల దాగి ఉంటుంది.

పాత పడవలకు ఇంత పెద్ద అంగడి ఏర్పడడానికి ఒక కారణం ఉన్నది. పూర్వం పడవలన్నీ కొయ్యతో చేసేవారు. ఏటేటా సంరక్షణ లేకపోతే కొయ్య కుళ్లిపోయేది. పడవ కాలగర్భంలో కలిసిపోయేది. 1950 తరువాత ఫైబర్‌గ్లాసు, అంటే గాజునార గుడ్డను రసాయన జిగురుతో తడిపి అచ్చుల మీద పరిచి చేసే పడవ దేహం, వాడుకలోకి వచ్చింది. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో కనిపించిన 28 అడుగుల పియర్సన్ ట్రైటన్ పడవ ఈ మార్పుకు మైలురాయి వంటిది. అచ్చు ఒకటి తయారైతే ఒకే రూపంలో వందలాది పడవలు తీయవచ్చు. ధర తగ్గింది, మధ్యతరగతి కుటుంబాలు కూడా పడవలు కొన్నాయి. గాజునార దేహం కొయ్యవలె కుళ్లదు. అందువల్ల ఆనాటి పడవలు అనేకం నేటికీ నీటి మీద ఉన్నాయి. యజమానులు వృద్ధులయ్యారు, పడవలు మాత్రం మిగిలాయి.

ఇట్లా మిగిలిన పడవల ధరలు నిలకడగా ఉండవు. పడవ అన్నం వంటి అవసరం కాదు. అది మిగులు సొమ్ముతో కొనే వస్తువు. కాబట్టి దేశంలో ఆర్థిక ఒడిదుడుకులు వచ్చినప్పుడు మొదట దెబ్బ తగిలేది ఇటువంటి వస్తువులకే. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు చమురు నుండి తయారయ్యే రసాయన జిగురు ధర పెరిగి కొత్త పడవలు ప్రియమయ్యాయి. 1991లో అమెరికా ప్రభుత్వం లక్ష డాలర్లకు మించిన పడవల మీద, ఆ మించిన మొత్తానికి పది శాతం విలాసపన్ను విధించింది. కొనుగోళ్లు పడిపోయి పడవల కర్మాగారాలు పనివారిని తొలగించవలసి వచ్చింది. చివరకు 1993లో ఆ పన్నును రద్దు చేశారు. 2008 ఆర్థిక సంక్షోభంలో అప్పులు తీర్చలేని యజమానులు పడవలను అయినకాడికి అమ్ముకొన్నారు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు దీనికి విరుద్ధంగా జరిగింది. జనసమ్మర్దానికి దూరంగా గడపాలనే కోరికతో ఎందరో పడవల కోసం ఎగబడ్డారు. పాత పడవల ధరలు కూడా పెరిగాయి. తరువాత వడ్డీలు పెరగడంతో ఆ వేడి చల్లారింది. ఈ ఎత్తుపల్లాలను ముందుగా ఊహించడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాలేదు.

అయితే కొనుగోలుదారు నష్టపోవడానికి అంగడి ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. ఒక ఊహాత్మకమైన లెక్కను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ముప్పై అడుగుల జీర్ణనౌక ఒకటి 5 వేల డాలర్లకు దొరికిందనుకొందాం. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలకు 4 వేలు, తెరచాపలకు 4 వేలు, ఇంజను మరమ్మతుకు 5 వేలు, పైతలం బాగుచేయడానికి 3 వేలు, రంగులకూ విద్యుత్తు తీగలకూ 3 వేలు, రెండేళ్లు పడవను నిలిపిన స్థలానికి అద్దె 4 వేలు అయిందనుకొందాం. మొత్తం 28 వేలు. అదే నమూనా పడవ, సంరక్షణలో ఉన్నది, 15 వేలకు దొరుకుతుందనుకొందాం. అంగడి పడిపోయి దాని ధర 12 వేలకు దిగితే, మంచి పడవను కొన్నవాడికి 3 వేలు నష్టం. చౌక పడవను కొన్నవాడికి 16 వేలు నష్టం. ఇందులో అంగడి చేసిన నష్టం 3 వేలు మాత్రమే. మిగిలిన 13 వేలు తొలినాడు లెక్క వేయకపోవడం వల్ల కలిగినది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న తెలుగువారి సామెతకు పాత పడవ బాగుచేసి చూడు అనే మాటను కూడా చేర్చవచ్చు.

అందుకే వివేకం గలవారు బేరానికి ముందు పరీక్షకు ప్రాధాన్యం ఇస్తారు. పరీక్ష తృప్తికరంగా ఉంటేనే కొంటామనే షరతుతో ఒప్పందం రాసుకొని, కొంత బయానా చెల్లించి, పడవను నీటి నుండి పైకి ఎత్తించి, సర్వేయరు అనే నిపుణుడికి చూపిస్తారు. సర్వేయరు చేతిలో ప్రధాన సాధనం చిన్న సుత్తి. దానితో పడవ దేహాన్ని అంగుళం అంగుళం తట్టుతూ పోతాడు. గట్టిగా ఉన్న చోట ఖంగుమనే ధ్వని, పొరలు విడిపోయిన చోట మొద్దుబారిన ధ్వని వస్తుంది. కుండను కొనేవారు వేలితో మోగించి చూడడం వంటిదే ఇది.

పైతలంలో ప్రమాదం మరొక విధంగా ఉంటుంది. చాలా పడవలలో డెక్కు రెండు గాజునార పొరల మధ్య తేలికైన బాల్సా చెక్కనో, ప్లైవుడ్డునో ఇమిడ్చి చేస్తారు. దానివల్ల బరువు తక్కువగా, బిగువు ఎక్కువగా ఉంటుంది. అయితే సామగ్రిని బిగించడానికి వేసిన మరల రంధ్రాల గుండా చుక్క చుక్కగా నీరు దిగి లోపలి చెక్కను కుళ్లబెడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగు పెడితే మాత్రం మెత్తగా కుంగుతుంది. నీటిలో మునిగి ఉండే దేహానికి బొబ్బలు రావడం ఇంకొక లోపం. పైపొర గుండా ఊరిన నీరు లోపలి రసాయనాలతో కలిసి ఈ బొబ్బలను లేపుతుంది. వాటిని పొడిచినప్పుడు పుల్లని వాసన గల ద్రవం కారుతుంది. సాధారణంగా ఇవి పడవను ముంచవు. కాని వాటిని చెక్కి, నెలల తరబడి ఆరబెట్టి, కొత్త పూత వేయడం వ్యయప్రయాసలతో కూడిన పని.

అన్నింటికంటె ముఖ్యమైనది పడవ అడుగుభాగం. అక్కడ ఇనుముతోనో, సీసంతోనో చేసిన బరువైన రెక్క ఉంటుంది. దీనిని కీల్ అంటారు. గాలి తాకిడికి పడవ ఒరిగినప్పుడు దానిని తిరిగి నిలబెట్టేది ఈ బరువే. పెక్కు పడవలలో దీనిని పెద్ద మరలతో దేహానికి బిగిస్తారు. ఆ మరలు, వాటి చుట్టూ ఉన్న కట్టడం లోలోపల చెడితే పైనుండి చూచేవారికి తెలియకపోవచ్చు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే బ్రిటిష్ పడవ ఆంటిగ్వా ద్వీపం నుండి ఇంగ్లండుకు తిరిగి వస్తూ అట్లాంటిక్ మహాసముద్రం మధ్య కీల్ ఊడి తలక్రిందులయింది. అందులోని నలుగురు నావికులూ మరణించారు. ఆ పడవ అంతకుముందు పలుమార్లు నేలకు తాకి మరమ్మతు పొందినదని, ఆ దెబ్బల వల్ల లోపలి కట్టడం బలహీనపడి ఉండవచ్చునని విచారణలో వెల్లడైంది. అది తయారై అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. పడవ ఆరోగ్యాన్ని దాని వయస్సు మాత్రమే నిర్ణయించదు. అది తిన్న దెబ్బలు, వాటికి జరిగిన చికిత్స కూడా నిర్ణయిస్తాయి. కాబట్టి ఈ పడవ ఎప్పుడైనా నేలకు తాకిందా అనే ప్రశ్నను అమ్మేవాడిని సూటిగా అడగవలసి ఉంటుంది.

కొనుగోలు పూర్తయిన తరువాత పునరుద్ధరణ మొదలవుతుంది. అనుభవం లేనివారు తరచుగా మెత్తలు మార్చడం, కొయ్యకు మెరుగు పెట్టడం వంటి పనులతో ఆరంభిస్తారు. కంటికి ఇంపుగా ఉంటుంది కాని సముద్రం అందాన్ని చూచి జాలిపడదు. అనుభవజ్ఞుల క్రమం వేరు. నీరు లోపలికి రాకుండా చూడడం మొదటిది. దేహానికి నీటి మట్టం క్రింద ఉన్న ప్రతి రంధ్రాన్ని, దానికి అమర్చిన కుళాయిని విప్పి పరీక్షిస్తారు. ఉప్పునీటిలో మామూలు ఇత్తడిలోని తుత్తునాగం కరిగిపోయి లోహం గులాబిరంగుకు మారి పెళుసవుతుంది. అటువంటి కుళాయి ఒక్కటి విరిగినా పడవ మునుగుతుంది. స్తంభం కూలకుండా చూడడం రెండవది. ఉక్కు తీగల చివరలు బిగించిన గొట్టాలలో తుప్పు దాగి ఉంటుంది కాబట్టి వయస్సు మీరిన తీగలను పైకి బాగున్నట్లు కనిపించినా మార్చివేస్తారు. చుక్కాని, లంగరు, ఇంజను మూడవది. సుఖసదుపాయాలు చిట్టచివర. సొమ్ము మధ్యలో అయిపోయినా ఈ క్రమాన్ని పాటించినవాడి పడవ కనీసం తేలుతుంది.

ఈ విద్య తెలుగు తీరానికి కూడా కొత్తది కాదు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికే కాక, దెబ్బతిన్న ఓడల మరమ్మతుకు కూడా ప్రసిద్ధి చెందింది. 1839 నాటి పెనుతుపాను ఆ రేవును దెబ్బతీసింది. తుప్పుపట్టిన మేకును గుర్తించే కన్ను, కుళ్లిన పలకను పసిగట్టే చేయి ఏ తీరంలోనైనా ఒక్కటే.

భారతదేశంలో పుట్టిన ఒక పడవ కథ ఇందుకు చక్కని నిదర్శనం. సుహేలీ అనే 32 అడుగుల టేకు పడవను బొంబాయిలో నిర్మించారు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఆంగ్ల నావికుడు 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు నుండి అందులో బయలుదేరి, 312 రోజులు ఎక్కడా ఆగకుండా ప్రయాణించి, 1969 ఏప్రిల్ 22న తిరిగి వచ్చాడు. ఒంటరిగా, ఆగకుండా భూగోళాన్ని చుట్టిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ పడవను తరువాత గ్రీనిచ్ మ్యూజియంలో ఉంచారు. అక్కడి పొడిగాలికి టేకు పలకలు ముడుచుకొని సందులు విడసాగాయి. అది చూచిన యజమాని 2002లో దానిని బయటకు తెచ్చి, తుప్పుపట్టిన ఇనుప మేకులను మార్చి, మళ్లీ నీటిలో దించాడు. మహాసముద్రాలు చంపలేని పడవను పొడి గది చంపబోయింది! వాడకం పడవను అరగదీస్తుంది, నిజమే. కాని వాడకపోవడం దానిని అంతకంటె త్వరగా నశింపజేస్తుంది.

పాత పడవల మీద నమ్మకానికి అతి కఠినమైన పరీక్ష 2022లో జరిగింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 4న ఫ్రాన్స్ దేశం నుండి గోల్డెన్ గ్లోబ్ పందెం మొదలయింది. 1988కి పూర్వపు నమూనాకు చెందిన 32 నుండి 36 అడుగుల పడవలే ఇందులో పాల్గొనాలని నియమం. దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ మిన్నెహాహా అనే పాత పడవను కొని, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో నెలల తరబడి దానిని పునరుద్ధరించుకొని పందేనికి వచ్చింది. దారిలో ఫిన్లాండు నావికుడు టాపియో లెహ్టినెన్ పడవ నిమిషాలలో మునిగిపోయింది. అది కూడా శ్రద్ధగా బాగుచేసిన 1965 నాటి పడవే. ప్రాణరక్షక తెప్ప మీద సుమారు ఒక దినం గడిపిన ఆయనను కిర్‌స్టెన్ తన పడవను మళ్లించి కాపాడింది. 2023 ఏప్రిల్ 27న ఆమె మొదటి స్థానంలో గమ్యం చేరింది. రెండు రోజుల తరువాత మన దేశపు నావికుడు అభిలాష్ టోమీ, రస్లర్ 36 నమూనా పడవలో రెండవ స్థానం పొందాడు. ఆయన 2018 పందెంలో తుపానులో చిక్కి వెన్నెముకకు తీవ్రమైన గాయమై, పడవను సముద్రం మీదనే వదలవలసి వచ్చినవాడు. ఒకే పందెంలో ఒక పాత పడవ గెలిచింది, మరొకటి మునిగింది. శ్రద్ధ ప్రమాదాన్ని తగ్గించగలదే కాని పూర్తిగా తొలగించలేదు. అది తెలిసినవాడే ప్రాణరక్షక తెప్పను సిద్ధంగా ఉంచుకొంటాడు.

బాగుచేయదగని పడవలు కూడా ఉంటాయి. గాజునార కుళ్లదు కాబట్టి పనికిరాని పడవను వదిలించుకోవడం కూడా ఖర్చుతో కూడిన పనే. నిలిపిన చోటుకు అద్దె పెరుగుతూ ఉంటుంది. అందువల్ల ఊరకే ఇస్తామనే పడవల వెనుక, చాలాసార్లు ఆ భారాన్ని మరొకరి భుజాల మీదికి మార్చే తొందర ఉంటుంది. ఫ్రాన్స్ 2019 నుండి కాలం తీరిన పడవలను సేకరించి విడగొట్టే ఏర్పాటు చేసింది. ఎన్నో పడవల రేవులలో సగం బాగుచేసి వదిలిన పడవలు కప్పుల క్రింద పడి ఉంటాయి. ఇంత సొమ్ము పెట్టాం, ఇప్పుడు ఎట్లా వదలడం అనే ఆలోచనే వాటి యజమానులను మరింత లోతుకు దించుతుంది. పోయిన సొమ్ము తిరిగి రాదు. ఇక మీదట పెట్టబోయే సొమ్ము తగినదా కాదా అన్నదే ఆలోచించవలసిన విషయం. కాదని తేలినప్పుడు వెనుదిరగడం ఓటమి కాదు, వివేకం.

జిప్సీ మాత్ ఫోర్ పడవను గాస్‌పోర్ట్‌లో, అది పుట్టిన కర్మాగారంలోనే బాగుచేసి 2005 జూన్‌లో నీటిలో దించారు. యువతను ఎక్కించుకొని అది మళ్లీ ప్రపంచయాత్రకు బయలుదేరింది. 2006 ఏప్రిల్‌లో పసిఫిక్ మహాసముద్రంలోని ఒక పగడపు దిబ్బను ఢీకొని తీవ్రంగా దెబ్బతిన్నది. దానిని దిబ్బ మీది నుండి లాగి, న్యూజిలాండులో మరమ్మతు చేసి, మళ్లీ పంపారు. చిచెస్టర్ తిరిగి వచ్చిన సరిగ్గా నలభై ఏళ్లకు, 2007 మే 28న అది ప్లిమత్ రేవు చేరింది. వ్యాపారి దృష్టిలో అది లాభం లేని బేరం. కాని తెరచాప ఎత్తడం, చుక్కాని పట్టడం, అలకు ఎదురు నిలవడం ఆ పడవ మీద నేర్చుకొన్న యువకుల దృష్టిలో దాని విలువ వేరు. అంగడిలో ధర ఏనాటికానాడు మారుతుంది. లెక్క తెలిసి కొన్నవాడికి, ఓపికతో బాగుచేసినవాడికి, భయభక్తులతో నడిపినవాడికి మాత్రమే పాత పడవ తన విలువను చూపుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అనామకం = పేరు ప్రసిద్ధి లేనిది
జీర్ణావస్థ = శిథిలమైన స్థితి
ఒడిదుడుకులు = హెచ్చుతగ్గులు, ఆటంకాలు
బయానా = బేరం ఖాయం కావడానికి ముందుగా ఇచ్చే సొమ్ము
తుత్తునాగం = జింకు అనే లోహం
చుక్కాని = పడవ దిశను మార్చే సాధనం
జనసమ్మర్దం = జనుల రద్దీ
వ్యయప్రయాసలు = ఖర్చు, శ్రమ

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత పడవను కొనే ముందు పరీక్షించవలసిన భాగాలను, వాటిలో దాగి ఉండే లోపాలను వివరించండి.
2. ‘ధర వేరు, విలువ వేరు’ అనే భావాన్ని జిప్సీ మాత్ ఫోర్, సుహేలీ పడవల కథల ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పాత పడవల ధరలు నిలకడగా ఉండకపోవడానికి కారణాలేమిటి?
2. పునరుద్ధరణలో అనుభవజ్ఞులు పాటించే క్రమాన్ని తెలపండి.
3. చౌక పడవను కొన్నవాడికి కలిగిన నష్టంలో అంగడి వల్ల కలిగినదెంత? లెక్క వేసి చూపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సర్వేయరు ప్రధాన సాధనం ఏది?
2. కీల్ చేసే పని ఏమిటి?
3. సుహేలీ పడవను ఎక్కడ నిర్మించారు?

ఈ) సంధులు
జీర్ణావస్థ = జీర్ణ + అవస్థ – సవర్ణదీర్ఘ సంధి
పునరుద్ధరణ = పునః + ఉద్ధరణ – విసర్గ సంధి
పదేళ్లు = పది + ఏళ్లు – ఇత్వ సంధి

ఉ) సమాసాలు
క్రయవిక్రయాలు = క్రయమును, విక్రయమును – ద్వంద్వ సమాసం
సముద్రయానం = సముద్రమునందు యానం – సప్తమీ తత్పురుష సమాసం
జీర్ణనౌక = జీర్ణమైన నౌక – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం